ఊరు అడిగేది వాటా: దక్షిణ తెలంగాణలో నాస్తిక జీవనం

బొడ్రాయి (ఊరి నడుమ ప్రతిష్ఠించే రాయి) పండుగ చేయాలని అనుకున్న ఊళ్లో మొదట బయటికి వచ్చేది చందాల పుస్తకం. ఇంటికి ఎంత వేయాలో పెద్దలు కూర్చుని తేలుస్తారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరికీ కబురు పోతుంది. ప్రతిష్ఠ జరిగే సమయానికి చాలా ఊళ్లలో పొలిమేర కట్టేస్తారు, ఎవరూ ఊరు దాటకూడదు. నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎక్కడైనా అలాంటి ఒక ఊళ్లో దేవుణ్ణి నమ్మని ఇల్లు ఒకటి ఉందనుకుందాం. పుస్తకం పట్టుకుని ఆ గడప దగ్గర నిలబడినవారు దేవుడు ఉన్నాడా లేడా అన్న మాటే ఎత్తరు. “మీ ఇంటి వంతు రాయమంటారా?” అని మాత్రం అడుగుతారు.

ఈ ప్రాంతంలో నాస్తికుడిగా బతకడంలోని కష్టం ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. తర్కం దానికి జవాబు చెప్పలేదు. దేవుడు లేడని ఎంత బాగా వాదించిన మనిషికైనా ఊళ్లో ఇల్లు ఉంటుంది, ఆ ఇంటికి ఒక వంతు ఉంటుంది. వంతు ఇవ్వనంటే, దేవుణ్ణి కాదన్నాడని ఊరు అనుకోదు. తమనే కాదన్నాడని అనుకుంటుంది.

తెలుగులో నాస్తికత్వం గురించి చర్చకు కొదవ లేదు. వేమన పద్యాలు రాతిబొమ్మల పూజను ఎద్దేవా చేశాయి. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. కానీ ఆ చర్చలో ఎక్కువ భాగం దేవుడి ఉనికి చుట్టూ తిరిగింది. నమ్మని మనిషి తల్లి చనిపోతే మూడో రోజు ఏం చేయాలి, కూతురి పెళ్లి ఎవరి ముందు జరపాలి, బోనాల రోజు ఇంటి కోడలు ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్నలకు దొరికిన చోటు చాలా తక్కువ. బతుకులో ఎదురయ్యేవి మాత్రం ఇవే.

అంకెలు కూడా ఇక్కడ పెద్దగా సాయపడవు. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో హిందువులు సుమారు 85 శాతం, ముస్లింలు 12.7 శాతం. దేశం మొత్తం మీద మతం చెప్పనివారు 29 లక్షల లోపే. నాస్తికులమని పేరు పెట్టి రాయించుకున్నవారు అన్ని రాష్ట్రాల్లో కలిపి సుమారు 33 వేలు. ఈ చివరి అంకెను చూసి నమ్మనివాళ్లు అంతమందే అనుకుంటే పొరపాటు. జనగణనలో ఇంటి పెద్ద చెప్పిన జవాబే సాధారణంగా ఇంటిల్లిపాదికీ జవాబు అవుతుంది. పేరు వినగానే మతం గడి నిండిపోయే సందర్భాలు ఎన్నో. నమ్మకం లేని కొడుకు ఆ సమయంలో హైదరాబాదులో ఉద్యోగంలో ఉంటాడు, లేదా పక్క గదిలోనే ఉండి మాట్లాడకుండా ఊరుకుంటాడు.

మాట్లాడినా ఒకప్పుడు పెద్ద ప్రమాదం ఉండేది కాదు. ఎందుకంటే ఈ ఊళ్ల మతం ఒక గ్రంథానికో ఒక సిద్ధాంతానికో కట్టుబడి పెరిగింది కాదు. మొహర్రం వస్తే పీర్లను ఎత్తుకునేవారిలో హిందువులు ఉంటారు. జాన్‌పహాడ్ దర్గాకు, నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్టకు మొక్కులు తీసుకుని వెళ్లే వాళ్లలో రైతులు, కూలీలు, అన్ని కులాల వాళ్లూ ఉంటారు. చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కిన చేతులే పోచమ్మకు కల్లు సాక పోస్తాయి. ఇన్నింటిని ఒకేసారి మోసే సమాజానికి “నువ్వు దేన్ని నమ్ముతావు?” అన్న ప్రశ్న అసలు తట్టదు. అందుకే హోటల్ దగ్గర కూర్చుని దేవుడూ లేడు దయ్యమూ లేదు అనే మనిషిని చూసి “ఆయన పార్టీ మనిషిలే” అని సర్దుకుపోయేవారు. అనడానికి అనుమతి ఉండేది. పక్కకు తప్పుకోవడానికే ఉండేది కాదు.

ఆ “పార్టీ మనిషి” అన్న మాట వెనుక నల్లగొండ చరిత్ర ఉంది. ఈ జిల్లాలో నాస్తికత్వం పుస్తకాల కంటే కమ్యూనిస్టులు నడిపిన సంఘం దారిన ఎక్కువగా ఇళ్లలోకి వచ్చింది. 1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగాక పల్లెల్లోకి వెళ్లిన కార్యకర్తలు వెట్టి గురించి, బలవంతపు ధాన్యం లెవీ గురించి, భూమి గురించి మాట్లాడారు. గుడి జోలికి పెద్దగా వెళ్లలేదు. కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951లో విరమించారు. ఆ మరుసటి ఏడాది నల్లగొండ ప్రజలు ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు పంపారు. ఓటు వేసినవాళ్లలో చాలామంది యాదగిరిగుట్టకు వెళ్లి తలనీలాలు ఇచ్చేవాళ్లే. ఎర్రజెండాకూ గుట్టకూ మధ్య వాళ్లకు తగాదా కనిపించలేదు.

అయినా ఆ ఉద్యమం ఒక పని చేసింది, దానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. చావుకు మరో పద్ధతి చూపించింది. మనిషి పోతే దేహంపై ఎర్రజెండా కప్పడం, పాటలతో ఊరేగించడం, పదకొండో రోజున కర్మకు బదులు సంస్మరణ సభ పెట్టడం, ఊరి మధ్య స్తూపం కట్టి ఏటా వర్ధంతి జరపడం. సూర్యాపేట, నకిరేకల్, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ కనిపించే స్తూపాలు రాజకీయ గుర్తులు మాత్రమే కావు. పురోహితుడు లేకుండా కూడా ఒక మనిషిని గౌరవంగా సాగనంపవచ్చని ఊరికి కళ్లారా చూపించినవి అవే. దండల పెళ్లిళ్లు కూడా అలాగే వచ్చాయి. ఒక వేదిక, రెండు దండలు, నలుగురు పెద్దల మాటలు, భోజనాలు. వధూవరులు నమ్మేవాళ్లయినా, కాకపోయినా, ఊరు వచ్చి కూర్చునేది. ఎందుకంటే పిలిచింది ఒంటరి మనిషి కాదు, సంఘం.

ఇప్పటి నాస్తికుడికి లేనిది ఆ సంఘమే. పార్టీలు పలచబడ్డాయి. నమ్మకం లేకపోవడం ఎవరికి వారు ఫోనులో చదువుకుని, వీడియోలు చూసి చేరుకునే స్థానమైంది. దేవరకొండ డిగ్రీ కాలేజీలో చదివే అబ్బాయికి ప్రపంచంలోని వాదాలన్నీ తెలుసు, కానీ రేపు ఇంట్లో చావు జరిగితే తన పక్కన నిలబడే నలుగురు ఎవరో తెలియదు.

మహబూబ్‌నగర్ వైపు ఈ చిక్కు మరో రూపంలో ఉంటుంది. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతరలో ప్రధాన ఘట్టం ఉద్దాల ఉత్సవం. స్వామి పాదుకలను వడ్డెమాన్‌లో దళిత కుటుంబాలు నిష్ఠతో తయారుచేస్తాయి, వాటిని వేలమంది మధ్య ఊరేగింపుగా గుట్టకు తీసుకెళ్తారు. ఏడాదంతా తోలు పనిని చిన్నచూపు చూసే సమాజం ఆ ఒక్క రోజు ఆ చేతుల పనిని తలపై మోస్తుంది. ఈ ఏర్పాటులో అన్యాయం ఉంది, నిజం. ఒక రోజు గౌరవం మిగతా రోజుల అవమానానికి పరిహారం కాదు. కానీ ఆ కుటుంబంలో పుట్టిన యువకుడు “ఇదంతా మూఢనమ్మకం, నేను రాను” అంటే, అతను వదులుకునేది నమ్మకాన్ని మాత్రమే కాదు, తాతల నుంచి వస్తున్న ఒక హక్కును కూడా. పట్టణంలో ఉద్యోగం, సొంత ఇల్లు ఉన్న అగ్రకుల నాస్తికుడు గుడికి వెళ్లడం మానేస్తే పోయేది ఏమీ ఉండదు. వీళ్లిద్దరి నాస్తికత్వానికీ ఒకే వెల కట్టడం సరైంది కాదు.

కాగితాల విషయంలోనూ ఇదే తేడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులాల పరిధిలోకి రారు. ఏ మతమూ లేదనడం వేరే మతాన్ని అవలంబించడం కిందికి రాదన్న వాదనకు బలం ఉంది. అయినా చదువుకునే పిల్లలున్న ఇల్లు ఆ వాదనను తన కుల ధ్రువపత్రంపై ప్రయోగించి చూడదు. చూడమని చెప్పే అధికారం బయటివాళ్లకు లేదు.

మతం లేదని చెప్పుకునే హక్కు చట్టంలో ఉందా అంటే, ఉంది. రాజ్యాంగంలోని 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చింది. ఏ మతాన్నీ నమ్మకపోవడం కూడా అందులో భాగమేనని, జనన ధ్రువపత్రంలో మతం లేదు, కులం లేదు అని రాయించుకునే అవకాశం ఇవ్వాలని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది. కోర్టులో సాక్షి దేవుడి మీద ప్రమాణం చేయనక్కర లేదు, నిజం చెబుతానని దృఢంగా పలికితే చాలు. 1969 నాటి ప్రమాణాల చట్టం ఆ వీలు కల్పించింది. తండ్రికి తలకొరివి పెట్టనివాడికి ఆస్తిలో వాటా లేదని అన్నదమ్ములు బెదిరిస్తే దానికి చట్టంలో ఏ ఆధారమూ లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కర్మకాండతో వాటాను ముడిపెట్టలేదు. విచిత్రం ఏమిటంటే ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కాని వ్యక్తిని ఆ చట్టం హిందువుగానే లెక్కిస్తుంది. హిందూ ఇంట్లో పుట్టిన మనిషి ఎన్నిసార్లు నాస్తికుణ్ణని ప్రకటించుకున్నా ఆస్తి విషయంలో హిందువే.

ముస్లిం ఇంట్లో పుట్టి నమ్మకం పోయినవారి పరిస్థితి ఇంతకంటే ఇరుకైనది. వీలునామా స్వేచ్ఛ వ్యక్తిగత చట్టం ప్రకారం ఆస్తిలో మూడో వంతుకే పరిమితం. చివరికి ఖబరస్తాన్‌లో చోటు గురించి కూడా భయపడాలి. పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో తామూ అల్పసంఖ్యాకులమేనన్న అభద్రతతో బతికే ఆ సమాజంలో, ఒకరు విడిపోతే ఇంటివాళ్లకు అది ద్రోహంలా తోస్తుంది. బయటినుంచి వారి నిశ్శబ్దాన్ని పిరికితనంగా చూసేవారు ఈ బరువును తూచలేదు.

పెళ్లి విషయంలో చట్టం చూపించిన దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మంత్రాలు, నిఖా, చర్చి ఏవీ లేకుండా ముగ్గురు సాక్షుల ముందు అధికారి దగ్గర సంతకాలు. కానీ ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించాలి, 30 రోజులు ఆగాలి. కులాంతరం చేసుకునే జంటకు ఆ 30 రోజులు ప్రాణాపాయం. 2018లో మిర్యాలగూడలో పట్టపగలు జరిగిన పరువు హత్యను ఈ జిల్లా మరిచిపోలేదు. అందుకే నమ్మకం లేని జంటలు కూడా వెంటనే పెళ్లి జరిపించే ఆర్యసమాజ మందిరానికి వెళ్లి హోమం ముందు కూర్చుంటున్నాయి. మతం అక్కర్లేదనుకున్నవాళ్లకు కల్పించిన దారి ఆలస్యం వల్ల మూసుకుపోయి, అగ్నిసాక్షే సురక్షితమైన దారిగా మారింది. ఈ నోటీసు నిబంధనను మార్చాలని నాస్తికులు గట్టిగా అడగాలి. దేవుడి మీద వంద సభలు పెట్టడం కంటే ఇది ఎక్కువ మందికి మేలు చేస్తుంది.

ఇంట్లోకి వస్తే, ఈ ప్రాంతపు నాస్తికత్వం దాచిపెట్టిన ఒక అసమానత కనిపిస్తుంది. భర్తకు నమ్మకం లేని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో పండుగలు ఆగవు. పెత్రమాసకు (పితృ అమావాస్యకు) పెద్దల పేరు మీద బియ్యం భార్య ఇస్తుంది. బోనం ఆమె ఎత్తుతుంది. అత్తమామల మొక్కులు ఆమె తీరుస్తుంది. చుట్టాలు అడిగితే “మా ఆయనకు అవి పట్టవు” అని ఆమే సర్దిచెబుతుంది. ఇంటి వంతు తప్పకుండా చెల్లుతోంది కాబట్టి ఆయన నాస్తికత్వానికి ఊళ్లో అడ్డు రాలేదు. ఆయన ఆలోచనా స్వేచ్ఛ ఆమె ఉపవాసాల మీద, ఆమె తెల్లవారుజాము స్నానాల మీద నిలబడింది. దీన్ని గుర్తించని హేతువాదం సగం హేతువాదమే.

నమ్మకం లేనిది ఆమె అయితే లెక్క మొత్తం మారిపోతుంది. మగవాడి నాస్తికత్వం నోటిలో ఉంటుంది, ఆడమనిషిది ఒంటి మీద కనిపిస్తుంది. బొట్టు లేదు, పుస్తెలతాడు లేదు, మెట్టెలు లేవు అంటే అది భర్త బతుకు కోరని లక్షణంగా, పుట్టింటి పెంపకంలోని లోపంగా చూస్తారు. వితంతువు విషయంలో ఇది క్రూరంగా మారుతుంది. నాస్తికులమని చెప్పుకునే కుటుంబాల్లో కూడా పదో రోజు బొట్టు తుడిచి, గాజులు తీయించే తంతును ఆపడానికి ముందుకు వచ్చే మగవాళ్లు అరుదు. ఆ ఒక్క తంతును ఆపగలిగిన ఇల్లు, దేవుడి గురించి ఏమీ మాట్లాడకపోయినా, చేయవలసిన పని చేసినట్టే.

బతుకమ్మ మాత్రం వేరు. పురోహితుడు అక్కర్లేదు, మంత్రం లేదు. తంగేడు, గునుగు, పాట, చెరువు. నమ్మకం లేని ఆడవాళ్లు ఎంతోమంది సంతోషంగా ఆడతారు, అందులో తప్పు పట్టవలసింది కనిపించదు. పండుగలన్నిటినీ ఒకే గాటన కట్టి దూరం పెట్టేవారు తమ మనుషుల్ని అనవసరంగా పోగొట్టుకుంటున్నారు.

ఊరితో నాస్తికుడికి మరో రకమైన సంబంధం సాధ్యమని చెప్పడానికి నల్లగొండలోనే ఒక ఉదాహరణ ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు కాళ్లు వంకర తిరిగి, నడుము వంగిపోయిన మనుషులు తమ రాతను, పూర్వజన్మను నిందించుకున్న రోజులు ఉన్నాయి. కారణం బోరునీళ్లలో ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించింది, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. కర్మ కాదు, నీళ్లు అని చెప్పడానికి అక్కడ దేవుడి ఉనికిపై వాదన అవసరం పడలేదు. బాణామతి (చేతబడి) నెపంతో మనిషిని కొట్టి, పళ్లు ఊడగొట్టిన సంఘటనలు జరిగినప్పుడు ఊళ్లకు వెళ్లి, మంత్రగాళ్ల గారడీలను అందరి ముందూ చేసి చూపించిన జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు కూడా ఇదే దారిలో నడిచారు. ఊరికి వాళ్లు ఇచ్చిన వాటా అది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై చట్టాలు చేశాయి. తెలంగాణకు అలాంటి ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

వాటా ఇవ్వకుండా మాట మాత్రమే విసిరితే ఏమవుతుందో 2022 డిసెంబరు చూపించింది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొడంగల్‌లో జరిగిన సభలో అయ్యప్పపై ఒక నాస్తిక వక్త చేసిన వ్యాఖ్యల వీడియో రాష్ట్రమంతా తిరిగింది. మాలధారులు రోడ్డెక్కారు, వక్తను అరెస్టు చేశారు. మత భావాలను గాయపరచడంపై పాత శిక్షాస్మృతిలోని 295-ఏ సెక్షన్, ఇప్పటి న్యాయసంహితలో 299, మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చని చెబుతున్నాయి. ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో చేసిన అవమానమే నేరమని సుప్రీంకోర్టు 1957లోనే స్పష్టం చేసింది. అయితే ఆ తేడా తేలేది విచారణలో, అరెస్టు అంతకు చాలా ముందే జరుగుతుంది. దేవుళ్లను విమర్శించే హక్కును కాపాడుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఎదుటివాళ్ల దేవుడి పుట్టుకపై బూతు మాట్లాడి, తర్వాత మెల్లగా తప్పుకునే వక్త వల్ల నష్టపోయేది ఆ మండలంలోనే బతకవలసిన నాస్తికులు. మాల వేసుకున్న తమ్ముడి ముందు వాళ్లు అప్పటివరకు చెప్పగలిగిన మాట కూడా ఆ తర్వాత చెప్పలేకపోయారు.

చందా పుస్తకం దగ్గరికి తిరిగి వస్తే, ఇవ్వాలా వద్దా? భయంతో ఇవ్వడం వేరు, ఊరి భోజనాలకు, నీళ్లకు, టెంట్లకు అని చెప్పి ఇవ్వడం వేరు. ఆడబిడ్డలందరూ ఇంటికి వచ్చే రోజుకు తన భాగం పెట్టిన నాస్తికుడు నమ్మకాన్ని తాకట్టు పెట్టినట్టు కాదు. పూజలో కూర్చోమన్నప్పుడు కూర్చోనని నెమ్మదిగా చెప్పడానికి ఆ తర్వాత బలం కూడా వస్తుంది. ఆ మాటకు ఊరు విలువ ఇస్తుంది, కొంత గొణిగినా సరే.

చావు దగ్గర ఈ సర్దుబాటు కూడా సరిపోదు. నమ్మిన తల్లి పోతే ఆమె కోరినట్టు కుండ పట్టి నడవడం, పిట్టకు పెట్టడం కపటం కాదు. ఆ దేహం ఆమెది, ఆ నమ్మకం ఆమెది. తన చావు సంగతి మాత్రం మనిషి ముందే తేల్చుకోవాలి. కర్మకాండ వద్దనుకునేవారిలో కొందరు దేహదానం ఎంచుకుంటున్నారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో దేహాన్ని హైదరాబాదు దాకా తీసుకెళ్లాల్సిన అవసరం తగ్గింది. కానీ అంగీకార పత్రంపై సంతకం పెట్టి బీరువాలో దాచుకుంటే పని జరగదు. కళ్లు ఆరు గంటల్లోపు తీయాలి. దేహాన్ని ఆలస్యం లేకుండా అప్పగించాలి. పోస్టుమార్టం జరిగితే సాధారణంగా తీసుకోరు. అన్నిటికంటే ముఖ్యం, ఆ సమయంలో దేహాన్ని అప్పగించవలసింది దగ్గరి బంధువులు. వాళ్లు కాదంటే పోయిన మనిషి సంతకం ఎవరినీ కట్టడి చేయలేదు.

కాబట్టి సంతకం పెట్టిన రోజే భార్యతో, పిల్లలతో, తప్పకుండా బావమరుదులతోనూ మాట్లాడాలి. అడ్డుపడేది సాధారణంగా ఊరి నుంచి హడావుడిగా దిగే పెద్ద బావమరిదో మేనమామో అవుతారు కాబట్టి, వాళ్ల ముందే ఈ మాట రెండుసార్లు అనాలి. కళాశాల అనాటమీ విభాగం ఫోను నంబరు ఇంట్లో అందరికీ కనిపించే చోట రాసి పెట్టాలి. ఆ రాత్రి ఎవరు ఫోను చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి.